ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ రాదా?

అమెరికాలో 2010–2017 మధ్య ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని సెన్సస్ గణాంకాల విశ్లేషణలో తేలింది. అయినా పిల్లలను బడిలో వేసే వయసు రాగానే చాలా ఇళ్లలో తెలుగు తగ్గిపోతుంది. కారణం భయం. అక్కడి తెలుగు తల్లిదండ్రుల్లో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు ఇవి.

అపోహ: రెండు భాషలు వినిపిస్తే మాటలు ఆలస్యంగా వస్తాయి.

వాస్తవం: రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు కూడా దాదాపు ఏడాదికి తొలి మాట పలికి, రెండేళ్లకల్లా రెండేసి పదాలు కలిపి మాట్లాడతారు. ఇంగ్లిష్ మాటలే లెక్కపెడితే తక్కువ అనిపించవచ్చు. పాలు, నీళ్లు, బాల్, ట్రక్ అనే బిడ్డకు వచ్చినవి నాలుగు మాటలు, రెండు కావు. రెండేళ్లు దాటినా పదాలు కలపకపోతే ‘రెండు భాషలు కదా, అవే వస్తాయిలే’ అని ఊరుకోకండి. వినికిడి పరీక్ష చేయించండి, స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి. తెలుగు మానేయడం మాత్రం దానికి చికిత్స కాదు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల విషయంలోనూ రెండో భాష వల్ల నష్టం ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించలేదు.

అపోహ: భాషలు కలిపేస్తున్నారంటే తికమక పడుతున్నట్టే.

వాస్తవం: ‘అమ్మా, బాల్ త్రో చెయ్యి’ అన్న పిల్లవాడు తెలుగు వాక్య నిర్మాణాన్ని చక్కగా పాటించాడు. ‘కారు పార్క్ చేసి వస్తా’ అనే నాన్న చేసేదీ అదే. తిట్టకుండా, ‘బంతి విసరనా? ఇదిగో, పట్టుకో!’ అని జవాబిస్తే చాలు. తెలుగు మాట వాడి చెవిన పడుతుంది.

అపోహ: బడి ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే పిల్లలను వెనక్కి నెట్టేస్తారు.

వాస్తవం: ఆ ఫారం ముఖ్యమైన పని: ఎవరికి ఇంగ్లిష్ పరీక్ష పెట్టాలో తేల్చడం. కాలిఫోర్నియాలో ఎల్పాక్, చాలా రాష్ట్రాల్లో విడా పరీక్షలు పెడతారు. ఇంగ్లిష్ బాగా వస్తే అక్కడితో సరి. రాకపోతే ఈఎస్ఎల్ (ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే తరగతుల) సాయం అందుతుంది. అది కింది తరగతికి దించడం కాదు. ఇంగ్లిష్ రాని పిల్లలకు బడి సాయం చేసి తీరాలని 1974లో అమెరికా సుప్రీంకోర్టు ‘లౌ వర్సెస్ నికోల్స్’ కేసులో చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ విద్యార్థుల పోరాట ఫలమది. ఈఎస్ఎల్ తరగతులు వద్దనుకుంటే కాదనే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఫారంలో అబద్ధం రాస్తే సాయం అవసరమైన బిడ్డకే నష్టం.

అపోహ: ఇంట్లోనూ ఇంగ్లిషే మాట్లాడితే చదువులో ముందుంటారు.

వాస్తవం: కబుర్లాడే ఇంగ్లిష్ రెండేళ్లలో పట్టుబడుతుందని, పాఠ్యపుస్తకాల ఇంగ్లిష్‌కు అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పారు. కథ చెప్పడం, కారణం వివరించడం, లెక్క వేయడం తెలుగులో నేర్చినా ఆ నేర్పు ఇంగ్లిష్‌కూ పనికొస్తుంది. తల్లిదండ్రులు తమకు ధారాళంగా వచ్చిన భాషలో మాట్లాడినప్పుడే ముచ్చట్లు పొడిపొడిగా కాక నిండుగా సాగుతాయి. ఇంటి భాష పోతే పెద్దలకూ పిల్లలకూ మధ్య మాటే సన్నగిల్లుతుందని భాషా పరిశోధకురాలు లిలీ వాంగ్ ఫిల్మోర్ 1991లోనే హెచ్చరించారు.

అపోహ: ఇంట్లో వింటున్నారుగా, తెలుగు దానంతటదే వస్తుంది.

వాస్తవం: అర్థం కావడం వేరు, మాట్లాడటం వేరు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో దాదాపు 1,900 కుటుంబాలను భాషా పరిశోధకురాలు అనిక్ డి హౌవర్ పరిశీలించారు. ఇంట్లో మరో భాష వింటున్నా, సుమారు పావువంతు పిల్లలు దాన్ని మాట్లాడటం లేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంటి భాషనే వాడిన చోట పిల్లలూ ఎక్కువగా మాట్లాడారు. వారాంతపు ‘మనబడి’ తరగతి అక్షరాలు నేర్పగలదు. వారంలో మిగిలిన రోజుల మాటలు మాత్రం ఇంట్లోనే నడవాలి. పిల్లలు ఇంగ్లిష్‌లో బదులిచ్చినా మీరు తెలుగులోనే కొనసాగించండి. పెద్దపిల్ల బడి నుంచి ఇంగ్లిష్ తెచ్చి తమ్ముడితో అదే మాట్లాడుతుంది, అక్కడ మరింత జాగ్రత్త.

అపోహ: రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుంది.

వాస్తవం: రెండు భాషలు బుద్ధిని మందగింపజేస్తాయన్న పాత నమ్మకాన్ని 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన అధ్యయనం దెబ్బతీసింది. తర్వాత ఏకాగ్రత పెరుగుతుందన్న వాదన వచ్చింది గానీ, ఆ ఫలితం అన్ని అధ్యయనాల్లోనూ నిలబడలేదు. అమ్మమ్మతో నేరుగా మాట్లాడగలగడం చాలదా తెలుగు నేర్పడానికి?

ఇంగ్లిష్ సంగతి బడి, స్నేహితులు, టీవీ చూసుకుంటాయి. తెలుగుకు మీ ఇల్లే దిక్కు. ఫారంలో నిజం రాయండి, మాటలు ఆలస్యమైతే డాక్టర్‌ను కలవండి, ఇంట్లో మాత్రం తెలుగు ఆపకండి.