శిల యంత్రభాగమైన కథ: కోలారు గనిలోని న్యూట్రినో శోధకము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి రాతి ప్రయోజనములు రెండు చిరపరిచితములు: ఆళ్లగడ్డ శిల్పుల ఉలిక్రింద అది దేవతామూర్తి యగును, నంద్యాల సీమలో సున్నపురాయియై సిమెంటు కర్మాగారములకు ముడిసరకగును. మన సరిహద్దున కావల, తెలుగు కూలీలును తమిళ కూలీలును తరతరములుగా దిగి త్రవ్విన కోలారు బంగారు గనులలో, శాస్త్రజ్ఞులు దానికి మూడవ ప్రయోజనమును కనుగొనిరి. వారు రాతిని జల్లెడగా వాడిరి.

అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు వాయుమండలమును తాకి మ్యూయానులనెడు కణములను పుట్టించును. అరచేతి వెడల్పు గల చోట నిమిషమునకు ఇంచుమించు నూరు మ్యూయానులు పడుచునే యున్నవి. విద్యుదావేశము గలవగుటచే నివి శిలలోని పరమాణువులతో విద్యుదయస్కాంత బలముచే తగులుకొని, క్రమముగా శక్తిని కోల్పోయి యాగిపోవును. కొలిమిగుండ్ల చేరువనున్న బెలుం గుహలలో, సుమారు 45 మీటర్ల లోతున, వాని సంఖ్య మిక్కిలి తగ్గునుగాని నశింపదు. వానితోబాటు పుట్టు న్యూట్రినో యనెడు కణమునకు ఆవేశము లేదు. ప్రబల కేంద్రక బలము దానినంటదు. గురుత్వాకర్షణ ప్రభావము లెక్కింపదగినది కాదు. మిగిలిన దుర్బల బలమొక్కటే దానికిని పదార్థమునకును గల సంబంధము. కావుననే న్యూట్రినోలు భూగోళమును సైతము నిరాటంకముగా దాటిపోవుచుండును. అట్టిదానిని పట్టవలెనన్న, ముందుగా మ్యూయానుల సందడి నణచవలెను.

1960ల తొలినాళ్లలో మియాకె, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి అను శాస్త్రజ్ఞులు కోలారు గనిలో వివిధములైన లోతులయందు మ్యూయానులను లెక్కించిరి. 2,760 మీటర్ల లోతున సుమారు రెండు నెలలు వేచినను గణకము ఒక్క కణమునైన నమోదు చేయలేదు. ఆ శూన్యమే వారికి లభించిన మహాఫలము. న్యూట్రినో కనువైన చోటు దొరకినదని అది తెలిపినది.

బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా సిటీ, డర్హామ్ విశ్వవిద్యాలయములు కలిసి, ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ ప్రభృతుల పూనికతో, కోలారులోని ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2,300 మీటర్ల లోతున శోధకమును నెలకొల్పిరి. అందు ప్లాస్టిక్ సింటిలేటరు పలకల గోడలు రెండు నిలువుగా, అభిముఖముగా నుండెను. ఏటవాలుగా వచ్చు మ్యూయాను మరింత శిలను దాటవలసియుండుటచే, పైనుండి అంత లోతు చేరగలిగినవి దాదాపు నిట్టనిలువుగా దిగును. న్యూట్రినో యన్ననో అన్ని దిక్కులనుండియు వచ్చి, చుట్టునున్న శిలలోని కేంద్రకమును తాకి క్రొత్త మ్యూయానును పుట్టించును. అది అడ్డముగా రెండు గోడలను దూసికొనిపోగా, పలకలలో పుట్టిన క్షణికకాంతిని ఫోటోమల్టిప్లయరు గొట్టములు విద్యుత్సంకేతముగా మార్చును. సంకేతములు రెండువైపుల నేకకాలమున వచ్చినచో నడుమనున్న నియాను గొట్టములకు అధిక వోల్టేజి అందును. కణము నడచిన దారిలోని గొట్టములు వరుసగా వెలిగి ఫోటోలో గీతవలె పడును. శిల యిచట పైకణములను వారించు కవచమును, న్యూట్రినో తాకు లక్ష్యమును తానే యైనది.

1965 ఆగస్టులో ఫలితము ప్రకటితమైనది. అదే యేట దక్షిణాఫ్రికా బంగారు గనిలో శాస్త్రజ్ఞుడు రైనెస్ బృందమును ఇట్టి న్యూట్రినోలనే కనుగొనెను. వాయుమండల న్యూట్రినోలు మానవునికి చిక్కుట అదియే ప్రథమము. 1980లో అదే లోతున 140 టన్నుల శోధకము ప్రోటాను క్షయమునకై వెదకినది. అది కనబరచిన సూచనలు అన్యత్ర ధ్రువపడలేదు. గని లోతట్టు మూతపడుటతో 1990ల ఆరంభమున ప్రయోగములు ముగిసినవి. వాయుమండల న్యూట్రినోల పరిశీలన మాత్రము ఆగలేదు. 1998లో జపానులోని సూపర్ కమియోకాండే శోధకము వానినుండియే న్యూట్రినోకు ద్రవ్యరాశి గలదని నిరూపించెను.

నంద్యాల కళాశాలల విద్యార్థులు ఒక చిన్న సింటిలేటరు గణకముతో మ్యూయానులను బయట నొకమారు, బెలుం గుహలో నొకమారు లెక్కించినచో, రాయి విద్యుదయస్కాంత బలముచే చేయు ఈ వడపోత స్వయముగా విదితము కాగలదు. కోలారు శాస్త్రజ్ఞుల యుపాయమును గ్రహించుటకు అంతకంటె చక్కని పాఠము లేదు.