విమానం సిలిండరును తూకానికి వేసే ముందు

కడియం: ఈ ఊరి పేరు చెబితే మొక్కలు, పూలే గుర్తుకొస్తాయి. ఇక్కడి పాత సామాను వర్తకుడికి తెలిసిన సిలిండరంటే ఆయిలింజనుదే. కాని వేలం లాట్లలో రకరకాల సరుకు కలిసి వస్తుంది. చుట్టూ పలుచని రెక్కలున్న పెద్ద సిలిండరు కనబడితే మోటారు సైకిలుదనుకుని తూచేసే ప్రమాదం ఉంది. బి.కాం. చదివిన ఈ విలేకరీ మొదట అలాగే అనుకున్నాడు.

మధురపూడిలో దిగే ప్రయాణికుల విమానాలకు సిలిండర్లుండవు; అవి టర్బైను ఇంజన్లు. ఈ సరుకు వచ్చేది శిక్షణ విమానాల నుంచి, మరీ పాతదైతే డకోటాల నుంచి. 1953 జాతీయీకరణ వరకు హైదరాబాదు నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు నడిపింది. ఒక్కో ఇంజనుకు 14 చొప్పున విమానానికి 28 సిలిండర్లు. దుండిగల్‌లో వాయుసేన శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32కు ఆరు సిలిండర్ల లైకమింగ్ 540 ఇంజను ఉండేది. 2009 ప్రమాదం తర్వాత వాటిని పక్కన పెట్టారు.

లైకమింగ్ 320, 360, 540 మూడింటి బోరూ 5.125 అంగుళాలే. పేరులోని అంకె ఇంజను మొత్తం ఘనపుటంగుళాలు. 360ని 4తో భాగించినా, 540ని 6తో భాగించినా 90. 320ని 4తో భాగిస్తే 80. కనుక బోరు ఒక్కటే కొలిచి బేరానికి దిగరాదు. పార్టు నంబరు చదివి తీరాలి.

రంగులూ చూడాలి. గొట్టం మీద నారింజ రంగుంటే క్రోమియం పూత, నీలమైతే నైట్రైడు చేసి గట్టిపరచినది. ఆకుపచ్చ 0.010, పసుపు 0.020 అంగుళం ఓవర్‌సైజు. అదే పసుపు ప్లగ్గుకూ రాకరు పెట్టెకూ మధ్య తల రెక్కలపై ఉంటే పొడుగు ప్లగ్గుకు గుర్తు మాత్రమే. రంగు ఎవరైనా పూయగలరన్నది వేరే సంగతి.

ధర నిర్ణయించేది కాగితాలు. ఏ ఇంజను నుంచి, ఎన్ని గంటలు నడిచాక, ఎందుకు విప్పారో లాగు పుస్తకం చెబితే విడి సరుకుగా బేరమాడవచ్చు. లేదంటే తూకమే. మళ్ళీ విమానానికి బిగించాలంటే డీజీసీఏ ఆమోదమున్న వర్క్‌షాపు బాగుచేసి సీఏ ఫారం-1 ఇవ్వాలి. అందుచేత మనవాళ్ళు బిల్లులో 'బాగుచేయవలసిన పాత సిలిండరు' అని మాత్రమే రాయడం మేలు. ప్లగ్గు రంధ్రం నుంచి వాల్వు సీటు వైపు సన్నని పగులు కంటికి ఆనకపోవచ్చు. గాలిలో తల ఊడితే విమానంలో ఉండేది పైలటు, దళారి కాదు.

తూకానికి కొనేవారికి మరో మెలిక ఉంది. తల అల్యూమినియం, గొట్టం ఉక్కు. తలను వేడిచేసి మరలతో గొట్టానికి బిగిస్తారు గనుక సుత్తి దెబ్బకు విడిరాదు. మొత్తానికి అల్యూమినియం ధర కడితే నష్టమే. అంతకంటె ముఖ్యం, చాలా మోడళ్ళలో ఎగ్జాస్టు వాల్వు కాడ బోలుగా ఉండి లోపల సోడియం ఉంటుంది. కోసినప్పుడు తడి తగిలినా, కొలిమిలో వేసినా పేలవచ్చు. వాల్వులు ముందే విప్పి వేరుగా పెట్టాలి.

ప్రభుత్వ తుక్కు ఎంఎస్‌టీసీ వేలాల్లో వస్తుంది. లాటు షరతులు చదివి, డెలివరీ ఆర్డరు నకలు దాచుకోవాలి. పనికిరాదని తీసేసినదాన్ని తిరిగి బిగించ వీల్లేకుండా విరగ్గొట్టడం విమాన రంగంలో ఆనవాయితీ. అమెరికాలో డకోటా కాలపు సిలిండర్లు దీపపు స్తంభాలుగా అమ్ముడవుతున్నాయి. కడియపులంక నర్సరీల్లో కుండీల పక్కన ఒకటి నిలబెడితే అడిగేవారుండరని చెప్పలేం. అలా అమ్మినా గొట్టానికి రంధ్రం కొట్టాకే అమ్మాలి. కాగితాలున్న సరుకైతే మాత్రం బోరుకు నూనె పూసి, రంధ్రాలకు బిరడాలు బిగించి ఉంచాలి. కాలువగట్టు తేమకు ఉక్కు తుప్పు పట్టడానికి ఎన్నాళ్ళో పట్టదు.