ఈస్టరు గ్రుడ్లకు ఇంటి రంగులు

ఉల్లిపాయలు తరుగునపుడు పై పొట్టును తీసి పారవేయుట మనకందరకు అలవాటు. ఉక్రెయిను దేశమున అనేక గృహిణులు మాత్రము ఈస్టరు పండుగకు కొన్ని వారములు ముందుగనే ఆ పొట్టును ఒక సంచిలో కూడబెట్టుట మొదలిడుదురు. పండుగ గ్రుడ్లను ఎర్రబార్చుటకు అది వారి చేతికందిన రంగు, చౌకయైనది, నమ్మదగినది.

క్రీస్తు పునరుత్థానమును స్మరించు పండుగకును, కోడిగ్రుడ్డుకును సంబంధమేమని కొందరడుగుదురు. పండుగకు ముందు వచ్చు ఉపవాసకాలమున, పూర్వము ఐరోపా దేశములలో భక్తులు మాంసముతోపాటు గ్రుడ్లను కూడ విడిచిపెట్టెడివారు. మనుష్యులు ఉపవాసమున్నారని కోళ్లు గ్రుడ్లు పెట్టుట మానవు గదా! ఉపవాసము ముగియునాటికి ఇంట గ్రుడ్లు పేరుకొని యుండెడివి. పెంకును పగులగొట్టుకొని జీవి వెలువడుట, సమాధినుండి ప్రభువు లేచుటకు చిహ్నమైనది. గ్రీసు దేశమున ఈ గ్రుడ్లకు ఎరుపే ప్రధానము; అది క్రీస్తు రక్తమునకు గుర్తు. పండుగనాడు ఒకరి గ్రుడ్డును మరియొకరి గ్రుడ్డుతో తాకించి, ఎవరిది పగులక నిలుచునో చూచుట అచ్చటి వేడుక.

ఉక్రెయినులో ఈ గ్రుడ్లు ముఖ్యముగా రెండు విధములు. ఉడికించి, ఒకే రంగులో ముంచి, పండుగనాడు తినునది క్రాషంక. మైనముతో గీతలు గీసి, పలు రంగులలో ముంచి, దాచుకొనునది పిసంక. 'వ్రాయుట' అను అర్థముగల క్రియనుండి ఈ రెండవ పేరు పుట్టినది. అందుచే పిసంకను చిత్రించితిమనరు, వ్రాసితిమందురు. మొదటిది పిల్లలను దగ్గరనుంచుకొని చేయదగినది. రెండవది ఓర్పు కోరునది.

ముందు క్రాషంక సంగతి. పది పండ్రెండు ఉల్లిపాయల ఎండు పొట్టును ఒక లీటరు నీటిలో అరగంటసేపు మరిగించి, వడియగట్టి, చల్లార్పవలెను. ఆ నీటిలో తెల్లని గ్రుడ్లనుంచి, సన్నని సెగపై పది పండ్రెండు నిమిషములు ఉడికింపవలెను. నారింజ వన్నెతో మొదలై, ఇటుక రంగు మీదుగా, ముదురు గోధుమ ఎరుపు వరకు రంగు పోవును. ఎంతసేపు నానిన అంత గాఢము. ఉడికించుటకు ముందు కొత్తిమీర రెమ్మనో, చిన్న ఆకునో తడిచేసి గ్రుడ్డుపై అంటించి, పాత నైలాను మేజోటి ముక్కలో బిగించి దారముతో కట్టినయెడల, ఆకు కప్పిన చోట రంగు పట్టదు. కట్టు విప్పగానే ఎర్రని నేలపై లేతవన్నె ఆకు ఈనెలతో సహా కనబడును. పిల్లలకు ఇంతకంటె ముచ్చట యేమి కావలెను?

ఇతర రంగులకును వంటయిల్లు దాటి పోనక్కరలేదు. పసుపు వేసి మరిగించిన నీరు పసుపుపచ్చనిచ్చును. బీట్‌రూటు గులాబివన్నె నిచ్చును. ఊదారంగు క్యాబేజి విషయము వింతయైనది. ఆ ఆకు ఊదా. వెనిగరు కలిపినపుడు దాని రసము ఎర్రబారును. కాని అందులో రాత్రంతయు నానిన గ్రుడ్డు నీలముగా తేలును. ఆ రంగుపదార్థము పులుపునందు ఎరుపు, క్షారమునందు నీలము. గ్రుడ్డు పెంకులో నూటికి సుమారు 95 పాళ్లు కాల్షియం కార్బొనేటు, అనగా సుద్దవంటి పదార్థము. అది తన్ను తాకిన పులుపును విరిచివేయుటచే పెంకుమీద రంగు నీలమునకు తిరుగును. మన స్త్రీలకు ఇట్టి మార్పు క్రొత్త కాదు. పసుపులో సున్నము కలిపిన ఎర్రని పారాణి యగుట వారెరిగినదే.

వెనిగరు ఎందుకని అడుగవచ్చును. పెంకుపై పలుచని మాంసకృత్తుల పొర యొకటి కలదు. కొంచెము పులుపు తగిలినపుడు ఆ పొర పెక్కు రంగులను గట్టిగ పట్టుకొనును. కప్పు నీటికి ఒక పెద్ద చెంచా చాలును. పెంకుపై చిన్న చిన్న బుడగలు లేచినయెడల భయపడవలదు. సుద్దకును పులుపుకును జరుగు చర్యలో పుట్టిన బొగ్గుపులుసు వాయువది. హెచ్చుగా పోసినచో పెంకు గరుకుదేరును. ఉల్లిపొట్టు రంగు మాత్రము వెనిగరు లేకున్నను చక్కగా పట్టును.

ఇక పిసంక. దీనికి కావలసిన పనిముట్టు ఒక పుల్ల. దాని కొనకు కట్టిన చిన్న రాగి లేక ఇత్తడి గరాటు. గరాటులో తేనెమైనపు తునకనుంచి, కొవ్వొత్తి మంటలో వేడిచేసి, కరగిన మైనముతో పచ్చి గ్రుడ్డుపై గీతలు గీయుదురు. తెల్లగా నిలువవలసిన తావులపై మొదట మైనము గీసి, గ్రుడ్డును పసుపుపచ్చ రంగులో ముంతురు. పచ్చగా నిలువవలసిన తావులపై మరల మైనము గీసి, ఎరుపులో ముంతురు. ఎరుపును మైనముతో కప్పి, కడపట నలుపులో ముంతురు. లేతరంగునుండి ముదురురంగునకు పోవుటయే గాని వెనుకకు వచ్చుట లేదు. ఒకసారి రంగు సోకిన చోటు మరల తెలుపు కాదు. కావున ఈ పనిలో చేయి చేయునది రంగు వేయుట కాదు, రంగునుండి కాపాడుట. దేనిని నిలుపుకొనగోరుదుమో దానినే ముందుగా కప్పవలెను.

తుదకు గ్రుడ్డు నల్లని ముద్దవలె, అందము లేక యుండును. అపుడు దానిని మంటకు ప్రక్కగా పట్టి, కరగిన మైనమును మెత్తని గుడ్డతో తుడుతురు. మంటపైన పట్టినచో మసి పట్టును. తుడిచినకొలది దాగిన తెలుపు, పసుపు, ఎరుపు ఒక్కటొక్కటిగా బయటపడును. నీలిమందులో బట్టను ముంచుటకు ముందు, నీలము సోకరాని తావులను మైనముతో కప్పిన మన కోరమాండల్ తీరపు అద్దకపు పనివారికిని తెలిసిన విద్యయే ఇది.

ఖాళీ పెంకును దాచుకొనదలచినవారు పని ముగిసిన పిదపనే రెండు కొనల సన్నని బెజ్జములు చేసి, సొనను ఊది తీసివేయవలెను. ముందే తీసినచో గ్రుడ్డు రంగులో మునుగక తేలును. పిసంకలకు వాడు రసాయనపు రంగులు తినదగినవి కావు గనుక ఆ సొనను వాడరాదు. తినుటకు ఉడికించిన గ్రుడ్లనైనను రెండు గంటలకు మించి బయట ఉంచక, రిఫ్రిజిరేటరులో భద్రపరచి, వారములోపల తినివేయవలెను. కొవ్వొత్తి, మైనము ఉన్నచోట పిల్లలను ఒంటరిగ విడువరాదు.

ఈ విద్యకును గడ్డుకాలము రాకపోలేదు. సోవియట్ పాలనలో మతాచారములపై నిర్బంధమున్న దినములలో పెక్కుచోట్ల ఇది మరుగుపడినది. అయినను కొన్ని పల్లెలలో తల్లులు కూతుళ్లకు ఇంటిలోపల నేర్పుచు వచ్చిరి. కెనడాకు వలసపోయిన కుటుంబములు తమతో తీసికొనిపోయినవి. 2000 సంవత్సరమున కోలోమియా పట్టణములో పిసంకల ప్రదర్శనశాల వెలసినది; ఆ భవనపు నడిమి భాగమే గ్రుడ్డు ఆకారమున నున్నది. 2022లో రష్యా సేనలు ఉక్రెయినుపై పెద్దయెత్తున దండెత్తిన పిమ్మటను ఈ వ్రాత ఆగలేదు. 2024లో యునెస్కో సంస్థ ఉక్రెయిను, ఎస్టోనియా దేశముల పేర దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

పెంకు పెళుసుది, చేయి జారిన పగులును. పగిలినదానికి బదులు ఏటేట క్రొత్తది వ్రాయు చేతులుండుటచేతనే ఇది నిలిచినది. రేపు ఉల్లిపాయలు తరుగునపుడు పొట్టును పారవేయక ఒక సంచిలో వేసి చూడుడు. ఇంటిలోని పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్క ఆకును గ్రుడ్డుపై అచ్చు వేసినను, ఆ విద్య మరియొక చేతికి అందినట్లే.