బ్రోకరేజి వారి లెక్క తప్పితే ఏం చెయ్యాలి?

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనందరం చెవులు రిక్కించి వినేది ఒక్కటే. మన రాశికి ఈ ఏడు ఆదాయమెంత, వ్యయమెంత అని! ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చదవగానే హాలంతా నవ్వులు. ఆ లెక్కలో తప్పుందేమోనని ఎవరూ అనుమానించరు. ప్రతి నెలా వచ్చే బ్రోకరేజి స్టేట్‌మెంటు మీద కూడా మనలో చాలామందికి అంతే నమ్మకం. కవరు విప్పం, విప్పినా చివరి అంకె ఒక్కటి చూసి సొరుగులో పడేస్తాం. ఇప్పుడు కవర్లు పోయి ఈమెయిళ్ళు వచ్చాక ఆ మాత్రం చూడడం కూడా తగ్గింది.

కథలు, కవితల మధ్య ఈ డబ్బు గోలేమిటని విసుక్కోకండి. పిల్లల చదువులకీ, మన పెద్దతనానికీ దాచుకున్నదంతా ఆ కాగితాల్లోనే ఉంది. లెక్కలు రాసేది కంప్యూటరే అయినా దానికి అంకెలు అందించేది మనుషులే. కనుక తప్పులు వస్తాయి. వచ్చినప్పుడు సరిదిద్దించుకోవడానికి పద్ధతి ఉంది. అది తెలియక నష్టపోయేవాళ్ళే ఎక్కువ.

ముందుగా ఒక మాట. తప్పులా కనిపించేదంతా తప్పు కాదు. మన షామ్‌బర్గ్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1976 నుంచి మోటరోలా ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే, ఆల్గాంక్విన్ రోడ్డు మీద ఉండేది. ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడడానికి ఆ కంపెనీయే కారణం. జీతంలోంచి కొంత మినహాయించుకుని కంపెనీ షేర్లు కొన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. 2011 జనవరి 4న ఆ కంపెనీ రెండుగా చీలింది. ప్రతి 8 పాత షేర్లకు ఒక మోటరోలా మొబిలిటీ షేరు ఇచ్చి, పాత షేర్లను ప్రతి 7 కలిపి ఒక మోటరోలా సొల్యూషన్స్ షేరుగా మార్చారు. అంటే 1,400 షేర్లున్న మనిషికి 175 మొబిలిటీ, 200 సొల్యూషన్స్ షేర్లు మిగిలాయి. "పద్నాలుగు వందలు రెండు వందలయ్యాయి, బ్రోకరు మింగేశాడు" అని అప్పట్లో కంగారు పడినవారున్నారు. అక్కడ ఎవరూ ఏమీ మింగలేదు. తర్వాత 2012 మేలో గూగుల్ ఒక్కొక్క మొబిలిటీ షేరుకు 40 డాలర్లు నగదుగా ఇచ్చి ఆ కంపెనీని కొనేసింది. కాబట్టి షేర్ల సంఖ్య మారితే మొదట చూడవలసింది, కంపెనీ చీలిందా, కలిసిందా, షేర్లను విభజించిందా అని. అదేమీ లేకపోతే అప్పుడు అది పొరపాటు.

నాకు ఎదురైంది అలాంటి పొరపాటే. 2013లో ఇల్లు కొనడానికి సిద్ధపడి, విడివిడిగా ఉన్న షేర్లన్నీ ఒక బ్రోకరేజి సంస్థకు బదిలీ చేయించాను. అన్నీ వచ్చాయి, ఆ 200 సొల్యూషన్స్ షేర్లు తప్ప. అప్పటి ధరలో సుమారు 12 వేల డాలర్లు. ఇంటికి ముందుగా కట్టవలసిన సొమ్ములో అదే పెద్ద భాగం. రిజిస్ట్రేషను తేదీ ఐదు వారాల్లో ఉంది. ఫోను చేస్తే మొదటి అమ్మాయి "రెండు మూడు రోజుల్లో కనబడతాయి" అంది. రెండో ఆయన "పంపిన వాళ్ళనే అడగండి" అన్నాడు. పంపిన వాళ్ళేమో ఎప్పుడో పంపేశామని తేదీతో సహా చెప్పారు. మూడోసారి ఫోను ఎత్తిన మనిషికి మొదటి రెండు ఫోన్ల సంగతే తెలియదు. మా ఆవిడ ఇదంతా విని, "మన ఊళ్ళో అయితే ఈపాటికి అర్జీ రాసి పడేసేవాళ్ళం కదండీ" అంది.

ఆ రాత్రే అర్జీ రాశాను. బదిలీ కోరిన కాగితం నకలు, పంపిన వారిచ్చిన ధ్రువీకరణ నకలు జతచేసి, ఆ సంస్థ కంప్లయన్స్ విభాగానికి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. తొమ్మిదో రోజున ఒకావిడ తనంతట తానే ఫోను చేసింది. నా ఇంటిపేరే ఉండి, నాలాగే పేరు ముందు 'వెంకట' ఉన్న మరొకరి ఎకౌంటులో ఆ షేర్లు జమ అయ్యాయట! మరో నాలుగు రోజుల్లో షేర్లూ, మధ్యలో వచ్చిన డివిడెండూ నా ఎకౌంటుకు చేరాయి. మూడు ఫోన్లు చెయ్యలేని పని ఒక ఉత్తరం చేసింది.

ఇది నా ఒక్కడి ఇబ్బంది కాదు, మన పేర్లతోనే ఉంది చిక్కు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక చోట, డ్రైవింగ్ లైసెన్సులో ఒక చోట ఉంటుంది. మూడు పేర్లు కలిసిన పేరును ఒక సంస్థ మొత్తం రాస్తుంది, ఇంకొకటి పొడి అక్షరాలతో సరిపెడుతుంది. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు ఎకౌంటు మార్చేటప్పుడు రెండు చోట్లా పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఎకౌంటు రకం సరిపోలాలి. ఒకచోట ఒక్కరి పేరు, మరోచోట భార్యాభర్తల ఉమ్మడి పేరు ఉంటే బదిలీ ఆగిపోతుంది. అందుచేత బదిలీకి ముందే రెండు చోట్లా పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పాత స్టేట్‌మెంట్లు దింపి దాచుకోండి. ఎకౌంటు మూసేశాక అవి దొరకడం కష్టం.

ఇక పొరపాటు కనిపించగానే చెయ్యవలసిన పనులు.

మొదటిది, ఆలస్యం చెయ్యకపోవడం. కొన్నా, అమ్మినా వచ్చే ధ్రువీకరణ పత్రాన్ని ఆ రోజే చూడండి. అమ్మకం 2024 మే 28 నుంచి మరుసటి పనిదినానికల్లా పరిష్కారమైపోతోంది, 2013లో దానికి మూడు రోజులుండేది. పాత షేర్లు అమ్మమంటే కొత్తవి అమ్మినా, వంద అమ్మమంటే వెయ్యి అమ్మినా, ఆ లోపల చెబితే దిద్దడం తేలిక. ఎన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పాలో మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంటుంది. మౌనం అర్ధాంగీకారమన్నది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

రెండవది, ఫోనుతో ఆగకపోవడం. మీ స్టేట్‌మెంటులో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, వెతికి చదవండి. తప్పులుంటే వెంటనే తెలపమనీ, నోటితో చెప్పినదాన్ని మళ్ళీ రాతపూర్వకంగా ఖాయం చెయ్యమనీ దాని సారాంశం. బ్రోకర్లను పర్యవేక్షించే ఫిన్రా సంస్థ నియమం ప్రకారం అది ముద్రించి తీరాలి. అంతేకాదు, రాతలో వచ్చిన ఫిర్యాదును సంస్థ నాలుగేళ్ళపాటు ఫైలులో ఉంచాలి. ఫోనులో చెప్పుకున్న గోడుకు ఆ నియమం వర్తించదు. మాటలు నీటిమూటలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఫోను చెయ్యవద్దని కాదు. చేసినప్పుడు తేదీ, వేళ, మాట్లాడినవారి పేరు, కేసు నంబరు రాసుకుని, ఆ తర్వాత ఉత్తరం రాయండి.

మూడవది, ఉత్తరం పొట్టిగా ఉండడం. ఎకౌంటు నంబరు, తప్పు జరిగిన తేదీ, స్టేట్‌మెంటు ఏమంటోంది, ఏముండాలి, మీ దగ్గరున్న రుజువు, మీరు కోరేది, జవాబు ఎప్పటిలోగా కావాలి. ఇంతే, ఒక పేజీ చాలు. కోపం, వెటకారం వద్దు. అసలు కాగితాలు పంపకండి, నకళ్ళే పంపండి. మీరు కొనని షేరు మీ ఎకౌంటులో కనబడితే దాన్ని మీరే అమ్మి లెక్క సరిచెయ్యాలని చూడకండి. అమ్మితే ఆ కొనుగోలుకు మీరు ఒప్పుకున్నట్లేనని వాదన రావచ్చు.

అయినా పని జరగకపోతే ఫిన్రాకు గానీ, ఎస్.ఇ.సి.కి గానీ, ఇల్లినాయ్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కింద ఉన్న సెక్యూరిటీస్ విభాగానికి గానీ ఫిర్యాదు చెయ్యవచ్చు. దీనికి రుసుము లేదు. కోర్టుకెళ్ళే వీలు మాత్రం తక్కువ. ఎకౌంటు తెరిచేటప్పుడే వివాదాలు మధ్యవర్తుల ముందు తేల్చుకుంటామని సాధారణంగా సంతకం చేయించుకుంటారు. అలాంటి ఒప్పందాలు చెల్లుతాయని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిన్రా మధ్యవర్తిత్వానికి ఆరేళ్ళ గడువుంది, 50 వేల డాలర్ల లోపు తగాదాలకు తేలిక పద్ధతి కూడా ఉంది.

పన్నుల కాగితంలో వచ్చే తప్పు మరో రకం. 2011కు ముందు కొన్న షేర్ల కొనుగోలు ధరను ప్రభుత్వానికి తెలపవలసిన బాధ్యత బ్రోకరుకు లేదు. ఆ లెక్క మనదే. పాత మోటరోలా షేర్లున్నవారు 2000లో ఒకటి మూడైనదీ, 2004లో ఫ్రీస్కేల్ విడిపోయినదీ, 2011 చీలికా అన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉందని సున్నా వేసుకుంటే అమ్మిన మొత్తం మీదా పన్ను కట్టినట్లే. 1099-బి కాగితంలో ధర తప్పుగా పడితే మొదట సవరించిన కాగితం అడగండి. ఇవ్వకపోతే 8949 ఫారంలో సరైన అంకె వేసి, సవరణ చూపించడానికి వీలుంది.

పొరపాటు మనకు లాభంగా వస్తే? అది లక్ష్మీకటాక్షం కాదు. 2021లో లూసియానాలో ఒకావిడకు ఒక బ్రోకరేజి 82 డాలర్ల 56 సెంట్లు పంపబోయి 12 లక్షల డాలర్లు పంపింది. ఆవిడ ఇల్లూ కారూ కొన్నారు, అరెస్టయ్యారు. అలాంటి సొమ్ము ముట్టుకోకుండా వెంటనే రాతలో తెలపండి.

సిప్క్ రక్షణ ఉంది కదా అని కొందరు మిత్రులు అంటుంటారు. 1970 నాటి చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ, బ్రోకరేజి మూతపడి ఖాతాదారుల షేర్లు కనబడకపోతే 5 లక్షల డాలర్ల వరకు, అందులో నగదుకు రెండున్నర లక్షల వరకు ఆదుకుంటుంది. నడుస్తున్న సంస్థ చేసిన పొరపాట్లు దిద్దడం దాని పని కాదు. పైగా సంస్థ మూతపడిన రోజున కూడా అడిగేది మీ దగ్గరున్న కాగితమే.

కాగితం విలువ హైదరాబాదులో అందరికీ తెలిసొచ్చింది. 2019 నవంబరు 22న సెబీ, హైదరాబాదు కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై ఉత్తర్వు ఇచ్చింది. 95 వేలకు పైగా ఖాతాదారుల షేర్లు, సుమారు 2,300 కోట్ల రూపాయల విలువైనవి, తాకట్టులో ఉన్నాయని తేలింది. అది పొరపాటు కాదు, దుర్వినియోగం. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీయే దానికి సాధనమయింది. డిసెంబరు మొదట్లో దాదాపు 83 వేల మందికి షేర్లు తిరిగొచ్చాయి. 2023లో సెబీ ఆ సంస్థను ఏడేళ్ళపాటు మార్కెట్‌కు దూరం చేసింది. అక్కడ అమ్మానాన్నల పేరునో, మన పేరునో ఎకౌంటున్నవారు బ్రోకరు పంపే స్టేట్‌మెంటుతో ఊరుకోకండి. డిపాజిటరీలైన ఎన్.ఎస్.డి.ఎల్., సి.డి.ఎస్.ఎల్. నేరుగా పంపే స్టేట్‌మెంటుతో పోల్చి చూడండి. తేడా ఉంటే సెబీ వారి స్కోర్స్ ద్వారా ఇక్కడి నుంచే ఫిర్యాదు చెయ్యవచ్చు. నాన్నగారి ఫోను నంబరు మారి ఉంటే ఆ నంబరు మార్పించండి, హెచ్చరికలు వచ్చేది దానికే.

పరాయి దేశంలో ఎందుకొచ్చిన పేచీ, పోనీలే అనుకునే మొహమాటం మనవాళ్ళలో ఎక్కువ. అడగనిదే అమ్మయినా పెట్టదు. తప్పు దిద్దమని అడగడం పేచీ కాదు, ఆ ఉత్తరం కోసం అక్కడ ఒక విభాగమే పనిచేస్తోంది. ఈ పండుగ సెలవులో ఒక గంట కేటాయించండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఎకౌంట్లెన్ని, ఎవరి పేర్లతో ఉన్నాయి, వారసులుగా ఎవరిని రాశారు, కాగితాలెక్కడున్నాయి అన్నది ఒక పట్టికగా రాసుకోండి. ఇంట్లో లెక్కలు చూసేవారు ఒక్కరే అయితే, ఆ పట్టిక ఎక్కడుందో రెండోవారికి ఈ వారమే చూపించండి.