పేలిన టైరు - ఆగిన పందెం

అది 1957 మే 12, ఆదివారం. ఇటలీ దేశం ఉత్తర భాగంలో మాంటువా నుంచి బ్రెషా నగరానికి పోయే దారిలో గ్విదిజ్జోలో అనే ఊరుంది. చుట్టూ పొలాలు, వాటి మధ్య నిటారుగా సాగిపోయే తారు రోడ్డు, రోడ్డు పక్కనే నీటి కాలువ. ఆ రోజు ఆ రోడ్డు గట్టున జనం తిరునాళ్లకు వచ్చినట్లు చేరారు. ఏడాదికి ఒక్కసారి తమ ఊరి మీదుగా దూసుకుపోయే పందెం కార్లను చూడడం వారికి పండుగ. టిక్కెట్టు లేదు, కంచె లేదు. చెయ్యి చాస్తే కారుకు తగిలేటంత దగ్గరగా నిలబడినా అడ్డు చెప్పేవారు లేరు.

మధ్యాహ్నం పొద్దు వాలింది. 531 నంబరు గల ఎర్రని ఫెరారీ కారు గంటకు 250 కిలోమీటర్లకు తక్కువ కాని వేగంతో వస్తోంది. గమ్యం ఇంకా 40 కిలోమీటర్లు మాత్రమే. ఉన్నట్టుండి ముందు ఎడమవైపు టైరు పేలిపోయింది. కారు అదుపు తప్పి, రోడ్డు పక్క రాయినీ స్తంభాన్నీ ఢీకొని, గాలిలోకి లేచి జనం మీద పడింది. అక్కడినుంచి మళ్లీ రోడ్డు మీదికి ఎగిరివచ్చి, పొర్లుతూ పోయి కాలువలో ఆగింది. కారు నడుపుతున్న స్పెయిన్ దేశస్థుడు అల్ఫోన్సో ద పోర్టాగో, పక్కన కూర్చున్న అమెరికన్ ఎడ్మండ్ నెల్సన్ అక్కడికక్కడే మరణించారు. చూడవచ్చిన వారిలో తొమ్మిది మంది దుర్మరణం పాలయ్యారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. మరో ఇరవై మంది దాకా గాయపడ్డారు.

నంబరు చూస్తే టైము తెలుస్తుంది

ఆ పందెం పేరు మిల్లె మిల్యా. వెయ్యి మైళ్లు అని అర్థం. 1927లో మొదలైంది. బ్రెషాలో బయలుదేరి, దక్షిణాన రోమ్ నగరం దాకా పోయి, తిరిగి బ్రెషా చేరాలి. మొత్తం సుమారు 1,600 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రోడ్డు దారి దాదాపు అంతే ఉంటుంది. మధ్యలో పడక లేదు, మజిలీ లేదు. కొండ దారులు, వంతెనలు, రైలు గేట్లు, బజార్లు, ఇరుకు సందులు అన్నీ దాటాలి. పందెం కోసం ప్రత్యేకంగా కట్టిన రోడ్డు కాదది. మర్నాడు రైతు బండి తోలుకొని పోయే రోడ్డే.

కార్లను ఒకదాని వెనుక ఒకటిగా నిమిషాల తేడాతో వదిలేవారు. బయలుదేరిన టైమే కారు నంబరు. పోర్టాగో తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలకు కదిలాడు గనుక అతని కారు 531. గట్టు మీద నిలబడ్డ పల్లెటూరి మనిషికి కూడా చేతిలో గడియారం ఉంటే చాలు, ఏ కారు ముందుందో ఏది వెనకబడిందో లెక్క కట్టుకునేవాడు. ఈ ఏర్పాటు చేసినవారి తెలివిని మెచ్చుకోవలసిందే.

1955లో ఇంగ్లండుకు చెందిన స్టిర్లింగ్ మాస్ 722 నంబరు మెర్సిడెస్ కారుతో ఈ వెయ్యి మైళ్లనూ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటున గంటకు 157 కిలోమీటర్లు. పక్కన కూర్చున్న విలేఖరి డెనిస్ జెంకిన్సన్ దారిలోని మలుపులన్నీ ముందే చూసి వచ్చి, సుమారు 18 అడుగుల కాగితం చుట్ట మీద రాసుకున్నాడు. ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని కాగితం తిప్పుతూ, ముందు వచ్చే మలుపు ఎలాంటిదో చేతి సైగలతో చెబుతూ పోయాడు. ఆ సైగను నమ్మి, అవతల ఏముందో కనిపించని మిట్ట మీదికి మాస్ వేగం తగ్గించకుండా కారు ఎక్కించాడు. ఆ రికార్డును తరువాత ఎవరూ దాటలేదు.

అంతకుముందు ఏడాది జరిగింది ఇంకా చిత్రం. జర్మనీ డ్రైవరు హాన్స్ హెర్మాన్ చిన్న పోర్షే కారులో వస్తుండగా ఎదురుగా రైలు గేటు పడుతోంది. రైలు వచ్చేస్తోంది. బ్రేకు వేసినా కారు ఆగే దూరం లేదు. పక్కవాని శిరస్త్రాణం మీద ఒక్క దెబ్బ కొట్టి, ఇద్దరూ తలలు వంచేశారు. కారు బాగా పొట్టిది గనుక గేటు కిందినుంచి దూరి, రైలుకు ముందే అవతలికి పోయింది. ఈ సంగతిని అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. కారు మరో జానెడు ఎత్తుంటే నవ్వేందుకు ఏమీ మిగిలేది కాదు.

బ్రేకు తక్కువ, పరుగు ఎక్కువ

పోర్టాగో నడిపిన ఫెరారీకి 12 సిలిండర్ల, 4 లీటర్ల ఇంజను. శక్తి సుమారు 390 హార్సుపవరు. మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగిన అంబాసిడరు కారు పాత మోడళ్లలో ఇంజను శక్తి సుమారు 50 హార్సుపవరు. అలాంటి ఏడెనిమిది అంబాసిడర్ల బలాన్ని అంబాసిడరు కన్నా తేలికైన కారులో పెట్టారన్న మాట. కానీ బ్రేకుల సంగతికి వస్తే ఫెరారీకి ఉన్నవి కూడా డ్రమ్ము బ్రేకులే.

డ్రమ్ము బ్రేకు గుణం ఘాటు రోడ్డు దిగే లారీ డ్రైవర్లకు బాగా తెలుసు. ఎక్కువసేపు తొక్కితే డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది. లోపలి లైనింగు పట్టు కోల్పోతుంది. పెడలు కిందికి పోతుంది గాని బండి ఆగదు. అందుకే లారీవాళ్లు చిన్న గేరులో దిగుతారు. పందెం కారుకు ఆ తీరిక లేదు. పైగా వేగం రెట్టింపయితే ఆపడానికి కావలసిన దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 70 మీటర్లు పోతుంది. అయిదు కబడ్డీ కోర్టులను పొడవునా పేర్చినా అంత దూరం రాదు. ప్రమాదాన్ని చూసి డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఆ దూరం అయిపోతుంది.

గాలి తగిలే రేకు లాంటి డిస్కు బ్రేకులను ఇంగ్లండులోని జాగ్వార్ కంపెనీ 1952 మిల్లె మిల్యా పందెంలో వాడి చూసింది. మరుసటి ఏడాది ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెంలో ఆ బ్రేకులతోనే గెలిచింది. కొత్తదాన్ని అందరూ వెంటనే అందుకోలేదు. ఫెరారీ పందెం కార్లకు 1950 దశకం చివరి వరకూ డ్రమ్ములే. ఒకే రోడ్డు మీద తొందరగా ఆగగలిగే కార్లూ ఆగలేని కార్లూ కలిసి పరుగెత్తడంలో ఎంత ప్రమాదముందో 1955 జూన్ 11న అదే లెమాన్‌లో తెలిసింది. జాగ్వార్ కారు ఆగడానికి బ్రేకు వేసింది. దాని వెనుక వస్తున్న ఆస్టిన్ హీలీ కారు తప్పుకోబోయి ఎడమకు జరిగింది. దాని వెనుక గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మెర్సిడెస్‌కు దారి లేకపోయింది. మెర్సిడెస్‌కు ఉన్నవి డ్రమ్ము బ్రేకులే. అవి చాలవని వెనుకవైపు గాలిని అడ్డుకునే పెద్ద రేకు తలుపు కూడా అమర్చారు. అయినా అది ఆస్టిన్ హీలీ వెనుక వాలు మీదికెక్కి గాలిలోకి లేచి మట్టికట్టను ఢీకొంది. ఇంజను, ముందు ఇరుసు ఊడి జనంలోకి దూసుకుపోయాయి. డ్రైవరు పియర్ లెవే కాక 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు.

నడిపేవారికి కూడా ఆసరా ఏమీ లేదు. ఆ కార్లలో సీటు బెల్టు ఉండేది కాదు. ప్రమాదం జరిగితే కాలే కారులో చిక్కుకోవడం కన్నా బయటికి విసిరేయబడడమే మేలని చాలామంది డ్రైవర్లు నమ్మేవారు. నేటి కార్లలో భుజం మీదుగా వేసుకునే బెల్టు 1959లో గాని స్వీడన్‌లోని వోల్వో కార్లలో రాలేదు.

టైరులో ఏం జరిగింది?

అన్నింటికన్నా బలహీనమైనది టైరు. అప్పటి పందెం టైర్ల లోపల గుడ్డ పొరలను అడ్డదిడ్డంగా పేర్చి, పైన రబ్బరు పోసేవారు. 250 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ముప్పైకి పైగా చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ టైరు నేలకు నొక్కుకొని మళ్లీ ఉబ్బుతుంది. ఆ నలుగుడుకు లోపల వేడి పుడుతుంది. అలాంటి టైరుకు చిన్న గాటు పడినా చాలు, వేడీ వేగమూ కలిసి దాన్ని చీల్చేస్తాయి. వెనుక చక్రం పేలితే కారు తోక ఊపుతుంది, నేర్పరి ఒకవేళ నిలబెట్టుకోవచ్చు. ముందు చక్రం పేలితే స్టీరింగు ఎటు తిప్పినా కారు తన ఇష్టం వచ్చినట్లు పోతుంది. పోర్టాగో వయసు 28 ఏళ్లు. గుర్రప్పందేల్లోనూ, 1956 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు బండి పోటీలోనూ పాల్గొన్న సాహసి. ఆ క్షణంలో ఆ సాహసం పనికి రాలేదు.

గ్విదిజ్జోలో దగ్గర కార్లు అంత వేగం పుంజుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఆ ప్రాంతపు ప్రసిద్ధ డ్రైవరు టాజియో నువోలారీ 1953లో మరణించాక, ఆయన పేర క్రెమోనా, మాంటువా, బ్రెషా మధ్య దారిలో అందరికన్నా వేగంగా పోయినవారికి వేరే బహుమతి పెట్టారు. నిటారు రోడ్డు, గమ్యం దగ్గర పడింది, పైన బహుమతి. కాలు ఎవరు తీస్తారు?

ఎన్జో ఫెరారీ మీదా టైర్ల కంపెనీ మీదా ప్రభుత్వం కేసు పెట్టింది. అంత వేగానికి తగని టైర్లు వేశారని అభియోగం. విచారణ నాలుగేళ్లు సాగింది. రాత్రిపూట వెలుగు కోసం రోడ్డు మధ్య బిగించిన రిఫ్లెక్టరు ఒరుసుకొని టైరు కోసుకుపోయిందని నిపుణులు తేల్చారు. 1961లో కేసు కొట్టేశారు. అదే ఏడాది సెప్టెంబరు 10న మోంజా పందెంలో మరో ఫెరారీ జనంలోకి దూసుకుపోయి డ్రైవరు ఫాన్ ట్రిప్స్‌తో పాటు పదిహేను మంది ప్రేక్షకులు చనిపోయారు. 1957 మిల్లె మిల్యాలో రెండో స్థానంలో వచ్చినవాడు ఈ ఫాన్ ట్రిప్సే.

ముందే వచ్చిన హెచ్చరిక

గ్విదిజ్జోలో ఘోరం చెప్పకుండా వచ్చిందేమీ కాదు. 1938లో ఇదే పందెంలో బొలోన్యా నగరంలో ఒక లాన్సియా కారు ట్రాము పట్టాల దగ్గర అదుపు తప్పి జనంలోకి పోయింది. పది మంది చనిపోగా వారిలో ఏడుగురు పిల్లలు. అప్పటి ముస్సోలినీ ప్రభుత్వం పందేన్ని నిషేధించింది. 1939లో జరగలేదు. 1940లో బ్రెషా చుట్టుపక్కల చిన్న చుట్టు మీద జరిపారు. యుద్ధం ముగిశాక 1947లో మళ్లీ రోమ్ దాకా వదిలారు. ఆ పదేళ్లలో ఇంజన్ల బలం బాగా పెరిగింది. ఊళ్లు, సందులు, గట్టు మీద జనం మాత్రం ఎప్పటిలాగానే ఉన్నారు. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చడమే పెద్ద రక్షణగా చెల్లింది.

1957లో మొదటి మూడు స్థానాలూ ఫెరారీలవే. గెలిచిన పియెరో తరూఫీ వయసు అప్పటికి 50. ఆ పందెంతోనే ఆయన పోటీలు మానేశారు. పత్రికలకు దొరికిన ఫోటో మరొకటి. రోమ్‌లో పోర్టాగో కారు దగ్గరికి సినీనటి లిండా క్రిస్టియన్ వచ్చి ముద్దు పెట్టుకున్న ఫోటో అది. ప్రపంచమంతా అచ్చయింది. చనిపోయిన ఐదుగురు పిల్లలను గుర్తుంచుకున్నది వారి ఊళ్లవాళ్లే.

కొద్ది రోజుల్లోనే ఇటలీ ప్రభుత్వం ప్రజలు నడిచే రోడ్ల మీద వేగపు పందేలను నిషేధించింది. ముప్పై ఏళ్ల మిల్లె మిల్యా అలా ఆగిపోయింది. 1958 తరువాత కొన్నాళ్లు వేగానికి కళ్లెం వేసిన పోటీగా నడిపారు గాని జనం అంతగా పట్టించుకోలేదు. 1977 నుంచి అదే పేరుతో పాత కార్ల యాత్ర జరుగుతోంది. 1957 వరకటి కాలపు కార్లనే రానిస్తారు. గెలుపు వేగాన్ని బట్టి కాదు, ఒక్కో మజిలీని చెప్పిన టైముకు దాటారా లేదా అన్నదాన్ని బట్టి. డ్రమ్ము బ్రేకుల ఆ ఎర్ర ఫెరారీలు, వెండి రంగు మెర్సిడెస్‌లు ఊళ్ల మధ్యగా పోతుంటే జనం ఇప్పటికీ గట్టు మీదికి వస్తారు. గ్విదిజ్జోలో దారిలో, 531 నంబరు కారు జనంలోకి పోయిన చోట, రోడ్డు పక్కన ఆ రోజు చనిపోయినవారి స్మారక చిహ్నం ఉంది.