ముస్హఫ్ పుటల నడుమ ఒక సనదు

మన ఊళ్లలో చినిగిపోయిన ముస్హఫ్ పుటలను ఎవరూ చెత్తలో వేయరు. శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు తగలని చోట గుంత త్రవ్వి పూడ్చిపెడతారు. కొన్నేళ్ల క్రితం అగళి ప్రాంతంలోని ఒక మస్జిద్‌లో అటువంటి మూట కడుతుండగా మేము అక్కడే ఉన్నాము. పుటలు సర్దుతున్న విద్యార్థి ఒక కాగితం చూపి, "హజ్రత్, దీనికి జబర్‌ జేర్‌లు లేవు, ఇది ఆయతేనా?" అని అడిగాడు. చేతిలోకి తీసుకొని చూశాము. ఆయతు కాదు, ఫార్సీ. పైన గుండ్రని ముద్ర, క్రింద నాలుగు అంకెలు: 1215. ఇంతకు మునుపు ఇలా ఎన్ని మూటలు పూడ్చారని ముఅజ్జిన్ సాహెబ్‌ను అడిగితే, లెక్క లేదన్నారు.

ఆయనను తప్పుపట్టలేము. అక్షరం అరబీ అయితే చాలు, దానిని అదబుతో చూడాలని నేర్పినది మేమే. చదవడం మాత్రం నేర్పలేదు. ఆ అదబే ఎన్ని సనదులను మట్టిలో కలిపిందో అల్లాహ్‌కే ఎరుక.

ఆ అంకె సంగతి చెప్పాలి. 1215ను హిజ్రీ సంవత్సరంగా చదివితే అది క్రీ.శ. 1800 మే నుంచి 1801 మే వరకు. నిజాము ఈ దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఒప్పందం 1800 అక్టోబరులో జరిగింది కనుక, అది కంపెనీ కాలపు కాగితమని ఎవరైనా అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాము. కాని టిప్పు సుల్తాన్ తన రాజ్యంలో మౌలూదీ అనే వేరొక పంచాంగాన్ని నడిపాడు. ఆ లెక్కలో 1215 అంటే సుమారు 1787. అతని నాణేలపై అంకెలను కుడి నుంచి ఎడమకు ముద్రించేవారు కూడా. పదమూడేళ్ల తేడాతో ప్రభుత్వమే మారిపోతుంది! చివరకు సందేహం తీర్చినది మాసం పేరు. అక్కడ ఉన్నది ముహర్రమో సఫరో కాదు, జాఫరీ. టిప్పు పంచాంగంలోని మాసం అది. కాగితం భూమికి సంబంధించినదని తెలుసుకోవడానికి మాకు మరో రెండు రోజులు పట్టింది. షికస్తా వ్రాతలో నుఖ్తాలు తరచు ఉండవు, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గులిస్తాన్ చదివిన కన్ను కూడా అక్కడ తడబడుతుంది.

మన సీమ చరిత్ర ఇలా చిల్లర చిల్లరగా చెదిరి ఉంది. అగళికి దాపులో, ఇప్పటి కర్ణాటకలో ఉన్న శిరా ఒకప్పుడు మొఘలుల సుబాకు కేంద్రం. తరువాత హైదర్ అలీ, టిప్పు, నిజాము, కంపెనీ. ఈ తాలూకాలు మొదట బళ్లారి జిల్లాలో ఉండి, 1882లో అనంతపురం జిల్లాలోకి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ప్రభుత్వం మారిన ప్రతిసారీ దస్త్రాలూ మారాయి, భాషలూ మారాయి. ఫార్సీ, మోడి లిపిలోని మరాఠీ, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు. మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ పత్రాలు లక్షన్నర దాకా హైదరాబాదు తార్నాకలో ఉన్నాయి. కల్నల్ మెకంజీ తన సహాయకులచేత ఊరూరా వ్రాయించిన కైఫీయతులు పాడైపోతుంటే బ్రౌను దొర తిరిగి నకళ్లు వ్రాయించాడు. అది ఆ కాలపు స్కానింగ్ అనుకోవచ్చు.

1860ల నాటి ఇనాం విచారణలో ఏ ఇనాముకు ఏ సనదు చూపారో రిజిస్టర్లలో నమోదు చేశారు. నేడు మన ఇంటి పెట్టెలోని కాగితాన్ని ఆ రిజిస్టరులోని వరుసతో పోల్చి చూడగలిగితే రెండూ మాట్లాడతాయి. 2025 జూన్‌లో వక్ఫ్ ఆస్తుల కొరకు ఉమీద్ పోర్టల్ ప్రారంభమైన తరువాత అనేక మంది ముతవల్లీలు పెట్టెలు తెరిచారు. తెరిచినవారిలో కొందరు తొందరలో ముందు వైపు మాత్రమే ఫోటో తీశారు. ఫార్సీ పత్రాలకు వెనుక వైపే కచేరీ ముద్రలు, దాఖలా వ్రాతలు ఉంటాయన్నది వారికి ఎవరు చెప్పారు?

కనుక ఇంట్లో పాత కాగితం ఉన్నవారికి మా విన్నపం. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి, జిగురుకు కాగితం మరల విడిరాదు. సెల్లోటేపు అంటించకండి. మడతలను ఇస్త్రీ చేయకండి. రెండు వైపులా, పక్కన ఒక కొలబద్ద ఉంచి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో ఫోటో తీయండి. ఎవరి ఇంట, ఏ పెట్టెలో దొరికినదో వేరొక కాగితంపై వ్రాసి ఉంచండి. నకలును కనీసం మూడు చోట్ల దాచండి. మూలాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వనక్కరలేదు.

పరిశోధకులకు చూపితే భూమి తగాదాలు వస్తాయని పెద్దలు భయపడుతారు. ఆ భయం ఉత్తది కాదు, కుటుంబాలు చీలడం మేమూ చూశాము. అయితే దాచిన కాగితం చెదపురుగుకు మాత్రమే సాక్ష్యమిస్తుంది. అప్పును వ్రాసుకొమ్మని, సాక్షులను నిలుపుకొమ్మని ఆజ్ఞాపించిన సూరె బఖరాలోని ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనదని మన పిల్లలకు చెబుతూనే ఉన్నాము కదా.

మా మదరసాలో ఫార్సీ పాఠం ఆగిపోయి చాలా ఏళ్లయింది. పిల్లలకు ఇంగ్లీషూ కంప్యూటరూ కావాలన్నారు, మేమూ సరేనన్నాము. నేడు కంప్యూటరు ఉన్నది, బొమ్మ ఉన్నది, చదివేవారు లేరు. అందుకే గురువారాలు అస్ర్ తరువాత ఆ 1215 కాగితపు నకలును ముందుంచుకొని కూర్చుంటున్నాము. ప్రశ్న అడిగిన ఆ విద్యార్థి, మరి ఇద్దరు వస్తున్నారు. మూడవ పంక్తిలోని ఒక మాట ఇంకా తెగలేదు.