బ్లూస్ గీతము - పియానోవాద్యము

అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున నల్లజాతివారి నడుమఁ బుట్టిన గీతభేదమునకు బ్లూస్ అని పేరు. ఇందలి పద్యము సామాన్యముగా మూఁడు పాదములు గలది. మొదటి పాదమునే రెండవమాఱును బాడి, మూఁడవ పాదమున దానికి హేతువునో ప్రత్యుత్తరమునో చెప్పుదురు. పాదమునకు నాలుగేసి తాళావర్తములు, వెరసి పండ్రెండు. అయినను గాయకుని కంఠము ప్రతిపాదమునందును రమారమి రెండావర్తములతోనే విరమించును. మిగిలిన యవకాశము వాద్యమునకుఁ జెందును.

ఈ యవకాశమును నింపిన పియానోబాణులలో నొకటి పానశాలలయందుఁ బెరిగినది. టెక్సాస్, లూసియానా, మిసిసిపీ ప్రాంతముల యడవులలోఁ గలప గొట్టు కూలీలకును, టర్పెంటైను దీయువారికిని మద్యమమ్ము శాలలుండెడివి. పీపాలనుండి మద్యము పోయుటచే వానికి బ్యారల్‌హౌస్ అను పేరు గలిగెను. అచ్చటి కోలాహలమునఁ బియానో వినఁబడవలెను, జనులు నృత్యమాడవలెను. కావున వాదకుఁడు ఎడమచేత మంద్రస్వరములను మరల మరల గట్టిగా మ్రోయించి తాళమును నిలుపుచు, కుడిచేతఁ బాటను వాయించెడివాఁడు. పియానోమెట్ల స్వరములు స్థిరములు. బ్లూస్ కంఠము స్వరమునకు స్వరమునకు నడుమ సంచరించునది. ప్రక్కప్రక్కనున్న మెట్లను గలిపి నొక్కియు, ఒకదానినుండి మఱియొకదానికి వ్రేలిని జాఱ్చియు వాదకులీ లోపమును గొంత తీర్చుకొనిరి.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు విశేషముగా నమ్ముడుపోయెను. తరువాత రికార్డుకంపెనీలవారు గుడారపు ప్రదర్శనలలోను నాటకశాలలలోను బాడు స్త్రీలను వెదకిరి. మా రెయినీ, బెస్సీ స్మిత్ మున్నగువారు 1923 నుండి రికార్డులకుఁ బాడిరి. వీరి గానమునే క్లాసిక్ బ్లూస్ అందురు.

బెస్సీ స్మిత్ 1927 ఫిబ్రవరి 17వ తేదీని పాడిన 'బ్యాక్ వాటర్ బ్లూస్' ఇందుకుఁ జక్కని నిదర్శనము. వరదలో నిల్లు గోల్పోయిన స్త్రీ దుఃఖమే యిందలి విషయము. పియానో వాయించిన జేమ్స్ పి. జాన్సన్ న్యూయార్కు సంప్రదాయమువాఁడు, పానశాలావాదకుఁడు గాఁడు. అయినను అతని యెడమచేతి మంద్రస్వరములు పొంగి దొరలు నీటిని స్ఫురింపఁజేయును. కంఠము విరమించినచోటనెల్ల నీరు వినఁబడును. ఈ పాట ఆ సంవత్సరపు మిసిసిపీ మహావరదనుగూర్చి పుట్టినదని పలువురు తలఁచిరి. అది కాలవిరుద్ధము, ఆ నది కట్టలు విశేషముగాఁ దెగినది ఏప్రిలు మాసమున.

ఈ భ్రాంతికిఁ గారణము పాటయందే కలదు. ఇందు నదిపేరు గాని యూరిపేరు గాని లేదు. కావుననే ఏ వరదలో నిరాశ్రయులైనవారైనను దీనిని దమ పాటగాఁ గొనఁగలరు. మాటలు మితములు, ప్రవాహవర్ణనమంతయు వాద్యమునందున్నది. అట్లగుటచే బ్లూస్ పద్యములను అచ్చుపుటలమీఁద మాత్రమే చదివి గుణదోషముల నిర్ణయించుట సగము పద్యమును విడిచి విమర్శించుటయే యగును.